కింది గీత

మిద్దెకు పిట్టగోడ కట్టించమని మా అమ్మ రెండేళ్ళు పోరింది. మామిడి కోత అయిపోనీ అని నేను దాటవేశాను. ఐరాల దగ్గర మా ఇంట్లో, ఆ మిద్దె మీది నుంచే ఎనిమిదేళ్ళ నా కూతురు సిమెంటు గచ్చు మీద పడింది. తలకు పెద్ద దెబ్బ. నా భార్య పచ్చి బాలింత. అందుకే తిరుపతి ఆసుపత్రికి అమ్మా నేనూ తీసుకువచ్చాం.

ఐసీయూలో డాక్టరు తెర మీద రెండు గీతలు చూపించాడు. పై గీత బీపీ. కింది గీత తల లోపలి ఒత్తిడి. బాగున్న మెదడు, ఒంట్లో బీపీ పెరిగినా తగ్గినా తనకు కావలసినంత రక్తమే తీసుకుంటుందట. దెబ్బ తగిలితే ఆ అదుపు పోతుందట. అప్పుడు పై గీతతో పాటు కింది గీతా లేస్తుంది. మోటారు జోరు పెరిగినా చేలో గేటువాల్వు నీళ్ళను పట్టి ఉంచుతుంది కదా, నా బిడ్డ తలలో ఆ వాల్వు పోయిందని అర్థమైంది.

రోజూ లోపలికి పంపిన గంటసేపూ నేను బిడ్డ ముఖం చూడలేదు, గీతలే చూశాను. రెండూ జంటగా లేచేవి, జంటగా దిగేవి. డాక్టరు మీద కోపం, మిషను మీద కోపం, కొండ మీది స్వామిని తిట్టని తిట్టు లేదు.

మూడో రోజు సాయంత్రం మబ్బు విడిపోయి కిటికీలోంచి కొండ కనిపించింది. నాకేం తోచిందో, బిడ్డ ముఖం అటు తిప్పితే స్వామి చూస్తాడనిపించింది. రెండు చేతులతో బిడ్డ తల పట్టుకున్నాను.

"కదిలించొద్దురా నాయనా. వాళ్ళెట్ల పెట్టినారో అట్లే ఉండనీ" అంది అమ్మ, బిడ్డ పాదాల దగ్గర నిలబడి.

నేను వినలేదు. మెల్లగా తిప్పాను. కింది గీత సర్రున లేచింది, మిషను మోగింది. నర్సు పరుగెత్తుకొచ్చి తల నిటారుగా సర్ది, రెండు పక్కలా చుట్టిన గుడ్డలు పెట్టింది.

"ఎవురు తిప్పింది? మెడ పక్కకు పోతే తలలో నెత్తురు కిందికి దిగదు, ఒత్తిడి పెరిగిపోతాదని మొదటిరోజే సెప్పినా గదా!"

నేనని చెబితే నన్ను బయటికి పంపేస్తారు. ఇక ఆ గీతలు చూడకుండా నేను బతకలేను. అమ్మ వైపు చూశాను. అంతే చేసింది నేను.

"నేనే తల్లీ, తెలీక తిప్పినా" అంది అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మను లోపలికి రానివ్వలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని, నేను బయటికి వచ్చినప్పుడల్లా "గీత ఎట్లుండాదిరా?" అని అడిగేది. లేచింది, దిగింది అని చెప్పేవాణ్ణి. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. నా అంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఏడో రోజు పై గీత బాగా లేచింది. కింది గీత కదల్లేదు. డాక్టరును పిలిచాను. డాక్టరు చాలాసేపు చూసి, "మెదడుకు అదుపు తిరిగి వస్తున్నట్టుంది. స్పృహ వస్తుందో లేదో ఇంకా చెప్పలేను" అన్నాడు.

వరండాలోకి పరుగెత్తి అమ్మకు గీత సంగతి చెప్పాను. అమ్మ లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ నర్సమ్మను అడుగు నాయనా, నన్నొక తూరి లోపలికి పంపమని. దూరంగానే నిలబడతా. బిడ్డ తల ముట్టుకోనని సెప్పు."