లీకి తొంభై, గ్రాంటుకి ఎనభై తొమ్మిది

కూర్మనాథం మాస్టారికి ఒక్కటే పిచ్చి. లోకంలో ఏ విషయం ఎత్తినా సరే, అమెరికా అంతర్యుద్ధంలో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు సేనాపతుల్లో ఎవరు సమర్థులో తేల్చకుండా వదిలేవారు కాదు. ఒకరు దక్షిణాది సేనాని జనరల్ లీ. రెండోవారు ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్. ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్ళయింది. శ్రీకాకుళంలో మా వీధిలో మాత్రం ఇద్దరికీ రోజూ పరీక్షలే, రోజూ మార్కులే.

నేను కాన్వెంటులో చదివానన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పారో గాని, ఆనాటినుంచి నన్ను పట్టుకున్నారు. సిస్టర్లు నాకు ఇంగ్లండు రాజుల పేర్లన్నీ బట్టీ పట్టించారు గాని అమెరికా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాటే మాస్టారితో అన్నాను. "మరీ మంచిది. పక్షపాతం ఉండదు" అన్నారు.

ఒకసారి మా ఆవు తప్పిపోయింది. ఏడుపు మొహంతో వీధిలో పడ్డాను. మాస్టారు అరుగు మీద కూర్చుని పిలిచారు.

"ఏమోయ్ నరసింగరావూ, గ్రాంటయితే తాడు పట్టుకుని ఒక్కో వీధీ వరసగా గాలిస్తాడు. నెల పట్టినా వదలడు. లీ అయితే ఆవు ఎక్కడికొస్తుందో ముందే ఊహించి అక్కడ పోయి కూర్చుంటాడు. నీకెవరు నచ్చారు?"

"గ్రాంటేనండి" అన్నాను, తప్పించుకుందామని.

"తప్పు! లీకి తొంభై, గ్రాంటుకి ఎనభై తొమ్మిది!"

ఆ ఒక్క మార్కు దగ్గర నాకు పౌరుషం వచ్చింది. రెండు గంటలు వాదించుకున్నాం. ఈలోగా ఆవే ఇంటికొచ్చి, ఇద్దరినీ ఫెయిలు చేసి, కుడితి తాగి పడుకుంది.

సరే, అసలు సంగతికొస్తాను. అది అరవై ఎనిమిదో సంవత్సరం. వారం రోజులుగా ఒకటే ముసురు. మా ఆవిడ పద్మకుమారి పురుడు పోసుకుని, మూడు నెలల పిల్లతో సోంపేట నుంచి వస్తోంది. ఆ పిల్లను నేను చూసింది ఒక్కసారే, అదీ అది నిద్రపోతుండగా. పొద్దున్న పదింటికి రావలసిన పాసింజరు కోసం తొమ్మిదింటికే ఆమదాలవలస స్టేషనుకు చేరుకున్నాను.

ప్లాట్‌ఫారం మీద బెంచీకి నడుమ కూర్మనాథం మాస్టారు! ఒళ్ళో టిఫిన్ కేరియరు, చంకలో అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం.

"మీరేమిటండీ ఇక్కడ?"

"టైంటేబులు కొనుక్కుందామని."

"దానికి కేరియరెందుకండీ?"

"క్యూ ఉంటుందేమోనని" అన్నారు. స్టేషను మొత్తం మీద టైంటేబులు కొనేవాడు ఆయన తప్ప మరొకడు లేడు.

పది దాటింది. పదకొండు దాటింది. స్టేషను మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఆయన ఫోను తిప్పి తిప్పి కింద పెట్టేశాడు.

"తిలారు వదిలింది బాబూ. ఊర్లాం చేరలేదు. తీగలు తెగినట్టున్నాయి. అంతకు మించి నాకు తెలీదు."

ఆ రెండు స్టేషన్ల నడుమ ఏముందో నాకు తెలుసు. వంశధార మీద వంతెన ఉంది. ఏరు ఎలా ఉందని అడగకుండానే బయటికొచ్చాను. బెంచీ మీద కూలబడ్డాను.

"ఏమన్నాడు?" అన్నారు మాస్టారు.

చెప్పాను. ఆయన కొంచెంసేపు పట్టాల వైపు చూశారు. తరువాత పుస్తకం తెరిచారు.

"అలాగా. చూడు నరసింగరావూ, ఈ లీ ఉన్నాడే, సైనిక పాఠశాలలో క్లాసుకి రెండోవాడు. నాలుగేళ్ళలో ఒక్క తప్పూ రాయించుకోలేదు. గ్రాంటు ముప్ఫై తొమ్మిది మందిలో ఇరవై ఒకటోవాడు."

"మాస్టారూ! నా పెళ్ళాం పిల్లా ఆ రైల్లో ఉన్నారండీ!"

"అందుకే అడుగుతున్నాను. ఇరవై ఒకటోవాడు గొప్ప సేనాపతి కాగలడా?"

ఆయన్ను ఆ క్షణంలో పట్టాల మీదికి తోసేసి ఉండేవాణ్ణి. కాని రైలు వచ్చే సూచన లేదు కదా, తోసి ప్రయోజనమేమిటి? పైగా కాన్వెంటులో నేను ఇరవై ఆరోవాణ్ణి.

"ఎందుక్కాకూడదండీ? ర్యాంకులకీ యుద్ధానికీ సంబంధమేమిటి?" అని అరిచాను.

"అరవకు. ఆధారం చూపించు."

మా గోలకి పక్క స్తంభం దగ్గర కూర్చున్న ముసలమ్మ జరిగి వచ్చింది. పేరు తవిటమ్మ. కొడుకు సోములు ఖరగ్‌పూరు రైల్వేలో కలాసీ. రెండేళ్ళ తరువాత అదే బండిలో వస్తున్నాడు. పొద్దుటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. కొంగు ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

"ఏటి పంతులుబాబూ తగువు? బండి సంగతేనా?"

"బండి కాదమ్మా, యుద్ధం. ఒకే దేశంలో వాళ్ళు రెండు జట్లయి కొట్టుకున్నారు."

"అన్నదమ్ముల తగువన్నమాట. దేనికోసం? మడిసెక్కలకా?"

"మనుషుల కోసం. దక్షిణాదివాళ్ళు మనుషుల్ని కొనుక్కుని పొలాల్లో చాకిరీ చేయించుకునేవారు. అది కూడదని ఉత్తరాదివాళ్ళు."

"ఈ లీబాబు ఏ పచ్చం?"

"దక్షిణం. కాని గొప్ప వీరుడు. తక్కువ సైన్యంతో ఎక్కువ సైన్యాన్ని తరిమాడు. నేను తొంభై వేశాను."

తవిటమ్మ కొంగుముడి వదిలేసింది.

"మనుసుల్ని అమ్ముకున్నోళ్ళ కాడ కొలువు సేసినోడికి తొంబయ్యా? సున్నా ఎట్టండి!"

"ఇది యుద్ధవిద్యలో పరీక్షమ్మా. బుద్ధిలో కాదు."

"ఇద్దె ఎంతుంటే ఏటి బాబూ? మా అయ్య కూడా కామందు కాడ పాలేరే. ఆ కామందు కర్రసాము బాగా సేసేవోడు. ఆడికీ ఏస్తారేటి మార్కులు?"

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, పుస్తకం మొదటి పేజీలో ఇరవై ఏళ్ళుగా కాపాడుకొస్తున్న తొంభైని కొట్టేసి, పక్కన గుండ్రంగా సున్నా చుట్టారు. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు చూద్దును కదా, ప్లాట్‌ఫారం మీద బండికోసం దిగులుగా కూర్చున్నవాళ్ళంతా మా బెంచీ చుట్టూనే ఉన్నారు. వక్కల వ్యాపారి ఒకాయన లీ గుర్రం ఎత్తెంతని అడుగుతున్నాడు. ఒకావిడ గ్రాంటు తాగుతాడని విని, "అయితే ఆడికీ సగమే ఎయ్యండి" అంటోంది.

ఒంటిగంట దాటింది. బండి లేదు. మాటలు ఆగినప్పుడల్లా వాన చప్పుడు వినిపించేది. వాన వినిపిస్తే వంతెన గుర్తొచ్చేది. నేను లేవబోయాను.

"కూర్చో. సైన్యానికి తిండి పెట్టడంలో ఎవరు మేలు?" అన్నారు మాస్టారు వెంటనే. "గ్రాంటు కుర్రతనంలో మెక్సికో యుద్ధంలో ఆ తిండీ సామానూ చూసే ఉద్యోగమే చేశాడు. ఇది ప్రయోగ పరీక్ష." కేరియరు విప్పారు. నాలుగు గిన్నెల్లో పులిహోరా, దద్ధ్యోజనమూ. తవిటమ్మకో ఆకు, నాకో ఆకు, వ్యాపారికో ఆకు పెట్టారు.

"మీరో?" అన్నాను.

"నాకివాళ ఏకాదశి."

"సివరాకరికి ఎవుడు గెలిసాడు బాబూ?" అంది తవిటమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"ఇంకా అక్కడిదాకా రాలేదు. తొందరపడకు."

మూడున్నరకి కూత వినిపించింది. సేనాపతులిద్దర్నీ బెంచీ మీదే వదిలేసి అందరం పరుగెత్తాం. బండి నత్తలా వచ్చింది. కిటికీలోంచి పద్మకుమారి మొహం కనిపించేసరికి నాకు కళ్ళు మసకబారాయి.

"ఏటలాగ సూస్తన్నారు? ముందు పిల్లనందుకోండి! ఏరు తగ్గాలని వంతెనకవతల ఆపేసారు. అదే పనిగా ఏడిసింది" అంది. పిల్ల నన్ను చూసి మరోసారి ఏడ్చింది. సోములు దిగి తల్లి కాళ్ళకు దండం పెట్టబోతుంటే, ఆవిడ వాడి వీపు మీద రెండు దెబ్బలేసి కౌగిలించుకుంది.

మూడో పెట్టెలోంచి మూటతో దిగింది ఎవరనుకున్నారు? జగదాంబగారు. మాస్టారి భార్య! కాశీబుగ్గ చెల్లెలింటికి వెళ్ళి, ఆ బండిలోనే వస్తున్నారు.

మాస్టారు ఆవిడ చేతిలోని మూట అందుకున్నారు.

"ఆకలితో ప్రాణం పోతోంది. అన్నం తెచ్చారా?" అన్నారావిడ.

మాస్టారు ఖాళీ కేరియరు వెనక్కి దాచారు.

"అమ్మా, మాస్టారు కూడా ఏమీ తినలేదండి. ఏకాదశిట" అన్నాను.

"ఏకాదశేటి? మొన్ననే కదా వెళ్ళింది!"

ఆ గొడవలో కేరియరు నా సామానులో కలిసి మా ఇంటికి వచ్చేసింది. రెండు రోజుల తరువాత తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. మాస్టారు స్నానం చేస్తున్నారు. బల్ల మీద ఆ పుస్తకం ఉంది. ఎవరు గెలిచారో చూద్దామని తిప్పాను. అరవై నాలుగో పేజీ తరువాత తిరగలేదు. కాగితాల అంచులు కోయలేదు. పాతకాలం పుస్తకాలు అలా మడతలతోనే వచ్చేవి, చదివేవాడే చాకుతో కోసుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఈయన చదివింది అరవై నాలుగు పేజీలన్నమాట!

జగదాంబగారు కాఫీ తెచ్చి నా మొహం చూసి నవ్వారు.

"మా పెద్దవాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు కొన్నారు బాబూ. ఇరవై ఒక్క రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నారు. పక్క మంచాలవాళ్ళు ఏడుస్తూంటే ఈ ఇద్దర్నీ పట్టుకొచ్చి తగువు పెట్టేవారు. పిల్లాడికి నయమయింది. పుస్తకం అక్కడితో ఆగిపోయింది."

మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఎక్కడికి బయల్దేరావు, మొహం అలా ఉంది?"

"పిల్లకి టీకా వేయించాలండి. సూదంటే భయంగా ఉంది."

"దానికా, నీకా?"

"నాకేనండి."

ఆయన గబగబా చొక్కా తొడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకున్నారు.

"పద. ఆసుపత్రిలో నర్సులిద్దరున్నారు. ఒకావిడ నిదానంగా గుచ్చుతుంది, అచ్చం గ్రాంటు. రెండో ఆవిడ చూస్తుండగానే గుచ్చేస్తుంది, అచ్చం లీ. నువ్వెవరి పక్షం?"

"ఈసారి మీరెవరి పక్షమో ముందు చెప్పండి మాస్టారూ."

"అదెలా కుదురుతుందోయ్?" అన్నారాయన, చెప్పులు వేసుకుంటూ. "నువ్వు చెప్పాక కదా నాకు తెలిసేది!"