గడప దగ్గర వదిలేసిన బండ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇదంతా రాశాక కూడా లేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో అదే చెబుతున్నాను. మా చర్చి ప్రార్థన కూటంలో ఎవరైనా తమకు గాలి సోకిందని సాక్ష్యం చెబితే, ముందు రక్తపరీక్ష చేయించుకున్నారా అని అడిగేదాన్ని. అందుకే నన్ను కూటాలకు పిలవడం తగ్గించారు.

మాది ఎర్రగుంట్ల. ఈ ఇల్లు మా మామ కట్టించింది. ఆయన బతుకంతా బండల గనిలోనే గడిచింది. ఇంట్లో పరిచినవన్నీ ఆయన ఒక్కొక్కటి ఏరి తెచ్చుకున్న నల్లటి కడప బండలు. చూడ్డానికి బాగుంటాయి. కానీ చలికాలం పొద్దున్నే కాలు పెడితే జివ్వుమంటుంది. ఆయన పోయి రెండేళ్లయింది. నిరుడు మా అత్తకు మోకాళ్ల ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి ఆ చల్లదనం ఆమెకు బొత్తిగా పడటం లేదు.

బండలు తవ్వించి టైల్స్ వేయిద్దామన్నాడు మా ఆయన. తను బతికుండగా ఆ బండల మీద గడ్డపార పడకూడదంది అత్త. టైల్స్ మాత్రం వెచ్చగా ఉంటాయా అని నేను ఇద్దరితోనూ వాదించి, మూడు వారాలు ఫోన్లో వెతికి, ఫ్లోటింగ్ ఫ్లోర్ అన్నదాన్ని తేల్చాను. దానికి జిగురు అక్కర్లేదు, మేకులు అక్కర్లేదు. ఉన్న నేల మీద పలుచటి ఫోమ్ పరిచి, చెక్క పలకల్ని ఒకదానిలో ఒకటి బిగించుకుంటూ పోవడమే. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీయొచ్చు. కింద మామ బండలు చెక్కుచెదరవు. ఇంక ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

కడపలోని దుకాణం నుంచి ఐదు రకాల ముక్కలు తెచ్చి హాల్లో వరసగా పెట్టాను. అత్త కర్ర పట్టుకుని వాటి మీద ఒట్టికాళ్లతో అటూ ఇటూ నడిచి, ఐదింటిలో చూడ్డానికి మరీ మొద్దుగా ఉన్నదాని మీద నిలబడింది. పాత మంచం చెక్కలాగా ఉంది, ఏం రంగు అది అన్నాను.

"కాలికి రంగు తెలుస్తాదా మ్మే?" అంది.

సరే, ఆమె నడవడానికే కదా అని ఒప్పుకున్నాను. అప్పుడు ఇంకో మాట అంది. "ఇల్లంతా నీ ఇష్టమొచ్చినట్ల పరిపించుకో. గడప కాడి బండ మాత్రం ఇడ్సిపెట్టు."

ఎందుకని అడిగితే చెప్పదు. హాలంతా చెక్క ఉండి గుమ్మం దగ్గర ఒక్క నల్ల బండ మిగిలితే అతుకు వేసినట్టుంటుందన్నాను. కారణం చెప్తే వదిలేస్తానన్నాను. రెండు రోజులు వాదించాను. వాదనలో వెనక్కి తగ్గడం నాకు చేతకాదు. చివరికి "నీ ఇష్టం మ్మే" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు. నేను గెలిచాననుకున్నాను.

వేసవి సెలవులివ్వగానే పలకలు బిగించే మహబూబ్ వచ్చాడు. మంచి పనివాడు. వచ్చీరాగానే పని మొదలుపెట్టలేదు. ముందు నేలలో చెమ్మ ఉందో లేదో చూడాలన్నాడు.

"చెమ్మ ఉంటే పలక ఉబ్బుతాదక్కా. ఉబ్బినాక నన్ను తిట్టేది మీరే."

దానికో పద్ధతి ఉంది. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి, ఒక రోజు వదిలేస్తారు. నేలలో తేమ ఉంటే షీటు అడుగున నీటి బొట్లు కడతాయి. మా హాల్లో నాలుగు చోట్ల వేశాడు. నాలుగోది గడప దగ్గరి బండ మీద. టేపు వేసేముందు ఆ నాలుగు చోట్లా పొడిగుడ్డతో తుడిచింది నేనే.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకు వచ్చి చూశాడు. మూడు షీట్ల కింద ఏమీ లేదు. బోర్లో నీళ్లే అడుగంటిన ఎండాకాలంలో ఎందుకుంటుంది? నాలుగోదాని దగ్గర కూర్చున్నవాడు చేత్తో నన్ను పిలిచాడు.

షీటు కింద రెండు పాదాలున్నాయి. చుట్టూ పొడిగా ఉంది. పాదాలున్నంత మేర మాత్రం సన్నటి నీటి బొట్లు. మడమలు గడప వైపు, వేళ్లు ఇంట్లోకి. ఎవరో లోపలికి రాబోతూ ఆగినట్టు.

టేపు వేసేముందు ఎవరో తడికాళ్లతో తొక్కారని మహబూబ్ మీద అరిచాను. పాపం, అతను చెప్పులతో ఉన్నాడు. షీటు తీసి, బండ తుడిచి, సాయంత్రం దాకా ఫ్యాను పెట్టి ఆరబెట్టి, ఈసారి టేపు నేనే వేశాను. పక్క బండ మీద ఇంకో షీటు వేశాను, పోల్చి చూడటానికి. పిల్లలకు నేర్పేది అదే కదా.

మర్నాటికి పక్క బండ పొడి. గడప బండ మీద మళ్లీ అవే పాదాలు.

మా ఆయన వంగి చూశాడు. చూసి, షీటు మీద వేలు పెట్టాడు. "ఎడమ కాలు చూడు" అన్నాడు.

నాలుగే వేళ్లు. చిటికెన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. గనిలో బండ పడి మా మామకు పోయింది ఆ వేలే.

అత్తకు ఎవరం చెప్పలేదు. ఆమే కర్ర పొడుచుకుంటూ వచ్చి, మా ముగ్గురి మొహాలూ చూసి, హాల్లో మామ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"నువ్వు కాపురానికొచ్చిన కొత్తల్లో మీ మామ గనికాడ్నుంచి వచ్చి కాళ్లు కడుక్కోని లోపలికొచ్చినాడు. నల్ల బండల మీద అడుగులన్నీ పడె. 'తుడిచి సచ్చేది నేను, తొక్కేది మీరు' అంటివి నువ్వు. ఆ పొద్దు మొదులు ఆ బండ మీదనే నిలబడి, కాళ్లు ఆరినాకనే లోపలికొస్తా ఉండె. పోయేదాకా అంతే. నీకు చెప్పొద్దు, బాధపడ్తాదన్న్యాడు."

నేను అన్నానా? గుర్తులేదు. కానీ అది నా నోట్లోంచి వచ్చే మాటే. ఇరవై ఏళ్లకు పైగా రోజూ ఆయన అక్కడ నిలబడటం చూశాను. ఎండలో పడి వచ్చాడు, ఫ్యాను గాలికి ఆగాడనుకునేదాన్ని.

ఆ బండ వదిలేయమని మహబూబ్‌కు చెప్పాను. నాలుగు రోజుల్లో ఇల్లంతా చెక్క పరిచి, ఆ బండ చుట్టూ అంచు పట్టీ బిగించి వెళ్లిపోయాడు.

తర్వాత తీరిగ్గా ఆలోచించి ఒక కారణం వెతుక్కున్నాను. ఒకే చోట అన్నేళ్లు నిలబడితే రాయి ఆ మేరకు నున్నబడి ఉంటుంది, ఎక్కడి తేమో అక్కడే పట్టి ఉంటుంది. నాకు బాగానే అనిపించింది. మా ఆయనకూ అదే చెప్పాను.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, ఆ బండ ముందు నిలబడి ఒక మాట అన్నాను. సిగ్గుగానే ఉండింది. "తడి అయితే కానీలే. లోపలికి రా మామా" అన్నాను. అంతే.

మర్నాడు అదే షీటు, అదే టేపు వేశాను. ఒక రోజు ఆగి తీస్తే పొడిగా ఉంది. మళ్లీ వేశాను. పొడే. మధ్యలో వాన లేదు, ఎండ తగ్గలేదు. రాయి నున్నదనమే కారణమైతే అది ఎక్కడికీ పోదు కదా. నేను చెప్పుకున్న కారణం నా చేతిలోనే విరిగిపోయింది.

మూడోసారి షీటు తీస్తుంటే అత్త వెనక నుంచి చూస్తోంది.

"చెప్తివా?" అంది.

చెప్పానన్నట్టు తలూపి, షీటు మడిచి లోపల పెట్టేశాను.

నీళ్లు తగిలితే ఈ పలకలు ఉబ్బుతాయని మహబూబ్ చెప్పాడు. సెలవులయ్యాక రోజూ బడి నుంచి రాగానే గడప నుంచి మామ కుర్చీ దాకా వంగి చేత్తో తడిమి చూస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్క పలకా ఉబ్బలేదు. ఉబ్బకూడదని చూస్తున్నానో, ఇంకెందుకు చూస్తున్నానో నాకే తెలియడం లేదు.