గంగమ్మకు చీర

మందు కొట్టడంలో పెద్దిరాజు మొనగాడు. అతని చేతిలో స్ప్రేయరు ఉంటేనే పూత నిలబడుతుందని నూజివీడు మామిడి రైతులు అంటారు. సీజను అయ్యాక షెడ్లలో మిగిలిన డబ్బాలనూ, డేటు దాటిన పురుగుమందునూ వదిలించే పనీ అతనిదే. వేసవిలో పారబోస్తే గేదెలు తాగి చస్తాయని దాచి ఉంచి, వాగు పొంగిన రోజున నిండు ప్రవాహంలో కుమ్మరించేవాడు. పారే నీటికి మైల లేదు కదా! మన జాగ్రత్తలన్నీ ఊరి పొలిమేర దాకానే. అక్కడ మందు కొట్టేవాళ్ళంతా ఏటా అదే పని చేస్తారు.

ఆ నీళ్ళు వాగులోంచి తమ్మిలేరుకి, అక్కణ్ణుంచి కొల్లేటికి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతాయి. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గరే పెద్దిరాజు చెల్లెలు పుష్పవతి ఉంటుంది. మొగుడు పోయాక ఆమెను బతికించింది అక్కడి గుల్లల దిబ్బే. ఆటు వేళ నడుము లోతు నీళ్ళలో దిగి, రాళ్ళను కరుచుకున్న గుల్లల్ని ఏరుకొచ్చి, మాంసం తీసి సంతలో అమ్మేది.

మొన్నటి పెద్ద వరదకి ఆ దిబ్బ చచ్చిపోయింది. కబురు విని పెద్దిరాజు వెళ్ళేసరికి ఒండ్రు మేట వేసి ఉంది, గుల్లలు నోళ్ళు తెరిచి కుళ్ళుతున్నాయి. నీళ్ళు పరీక్షించిన ఆఫీసరు హరిచందన గారు ఊరివాళ్ళకి ఓపిగ్గా చెప్పారు. వరద నీరు రోజుల తరబడి నిలిచి ఉప్పదనం పోయిందని, బురద గుల్లలకి ఊపిరాడనివ్వలేదని, దానికి తోడు మెట్ట తోటల పురుగుమందు నీళ్ళలో బయటపడిందని. పెద్దిరాజు వెనకాల నిలబడి అంతా విన్నాడు. కుమ్మరించింది అతనొక్కడే కాదు, నిజమే. కానీ ఆ చేతుల్లో తన చేతులూ ఉన్నాయి.

పుష్పవతి మాత్రం ఆ మాట కొట్టిపారేసింది.

"పైనుంచి వచ్చేదీ గంగమ్మేగా అన్నయ్యా. తన బిడ్డల్ని తనే చంపుకుంటుందా? పోయినేడు మొక్కుకున్న చీర నేనే పెట్టలేదు. ఊరందరి నోట్లో మట్టి కొట్టాను."

చెప్పెయ్యాలనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది. చెబితే చెల్లెలు మళ్ళీ తన మొహం చూడదేమోనని భయమేసింది. నిజం చెప్పే ధైర్యం లేనివాడికి చీర కొనే ఉదారత మాత్రం ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చింది. బజారుకెళ్ళి ఎర్రంచు చీర, మంచిదే, ఎంచి తెచ్చాడు.

మర్నాడు పుష్పవతి నీళ్ళలో దిగి, పసుపు కుంకుమలతో చీర వదిలి, చెంపలు వేసుకుంటూ ఏడ్చింది. కుళ్ళు వాసన ఇంకా పోలేదు. గట్టు మీదున్న అన్నను కూడా పిలిచింది.

"నువ్వూ దిగి దణ్ణం పెట్టు అన్నయ్యా. నా తప్పు కాయమని చెప్పు. ఏ పాపం ఎరగనోడివి, నీ మాటైతే వింటుంది."

పెద్దిరాజు దిగాడు. చేతులు జోడించి, చెల్లెలికి వినబడేలా, ఆమె తప్పు కాయమని గంగమ్మను వేడుకున్నాడు.