వరమ్మ చెప్పిన సాక్ష్యం

తళి దగ్గర గులాబీ తోటలో పూలు కోసే వరమ్మ, మొగుడు పోయాక ఆ పనితోనే కొడుకు ఉపేంద్రను చదివించింది, రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఉపేంద్రకు హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కోడలు నేత్ర బర్గూరు పిల్ల, కలుపుగోలు మనిషి.

పెళ్లయిన ఏడాదికే నేత్ర నోట మాట కరువైంది. ఉపేంద్ర మొదట ఆమె చేస్తున్న ఉద్యోగం మాన్పించాడు. తర్వాత ఫోను లాక్కున్నాడు, పుట్టింటికి పోనివ్వలేదు. ఆలుమగల సంగతిలో తనెందుకు తలదూర్చడమని వరమ్మ ఊరుకుంది.

ఒక పొద్దున వంటింట్లో చప్పుడైతే పరుగున వెళ్లింది. నేత్ర పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"అమ్మతో మాట్లాడల్లని ఫోను అడిగినాను అత్తా," అంది నేత్ర.

వరమ్మ కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన నన్ను కొడతా ఉంటే నువ్వు మంచం కింద దూరి ఏడిస్తివి. మర్చిపోయినావా?"

"ఇది మా సంగతి. నువ్వు పనికి పోమ్మా."

వరమ్మ పనికి పోలేదు. తోటలో తోడుగా పనిచేసే చాందిని ఎప్పుడో చెప్పిన, ఆడవాళ్లకు సాయం చేసే 181 నంబరుకు ఫోను చేసింది. వాళ్లు చెప్పినట్టే కోడలిని ముందు ఆసుపత్రికి, అక్కణ్నుంచి కృష్ణగిరికి బస్సులో తీసుకెళ్లింది.

అక్కడ గృహహింస కేసులు చూసే అధికారి కలైసెల్వి అంతా ఓపికగా విన్నది. "కొట్టేది ఒకటే కాదమ్మా. ఫోను లాక్కునేది, పుట్టింటికి పంపకపోయేది, అదీ హింసే," అని చెప్పి నేత్రను అడిగింది, "నీకేం కావల్ల?"

"ఆ ఇంట్లోనే ఉండల్ల. భయం లేకుండా."

"చూసినవాళ్లు ఎవరైనా ఉండారా?"

"నేనుండాను," అంది వరమ్మ. "కొట్టినోడు నా కొడుకే. యాడ చెప్పమన్నా చెప్తాను."

కోర్టులోనూ అదే చెప్పింది. ఉపేంద్ర ఆ ఇంటి గడప తొక్కకూడదని ఉత్తర్వు వచ్చింది. వరమ్మ అన్న రాజప్ప మండిపడ్డాడు. "కన్నకొడుకును కోర్టుకు ఈడుస్తావా?"

"కన్నాను కాబట్టే మొదట నేనే అడగల్ల అన్నా."

ఉపేంద్ర ఇప్పుడు హోసూరులో అద్దెగదిలో ఉంటూ, కోర్టు చెప్పిన కౌన్సెలింగుకు వెళ్తున్నాడు. నేత్ర మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆదివారాలు వరమ్మ కొడుక్కి ఫోను చేసి, తిన్నావా అని అడుగుతుంది. ఇంటికి రమ్మని మాత్రం అనదు. ఆ మాట అనాలో వద్దో తేల్చుకోవలసింది నేత్ర అని ఆమెకు తెలుసు.