ఆరడుగులు జరిపినందుకు

ఆ వానాకాలం మా షెడ్డు రేకులు కారడం మొదలైంది. కరీంనగర్ శివారులో, గ్రానైటు కోసే యూనిట్ల పక్కన నేను పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు అది. హెలికాప్టర్ చక్రాల దగ్గర ఇరుసులకు తొడిగే చిన్న ఉక్కు గొట్టాలు, బుష్‌లు, చేసి హైదరాబాదులోని ఒక కంపెనీకి పంపేదాన్ని. నాతో ఒక పెద్దాయన పనిచేసేవారు. బొగ్గుగని వర్క్‌షాపులో ఏళ్ల తరబడి ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన్ను కాకా అనేదాన్ని.

బుష్‌లు చేసే పెద్ద మిషన్ విదేశం నుంచి తెప్పించుకున్నది. నీళ్లు సరిగ్గా దాని కరెంటు పెట్టె మీదే పడుతున్నాయి. పక్క యూనిట్ నుంచి క్రేన్ అడిగి తెచ్చుకుని, దాన్ని ఆరడుగులు పక్కకు జరిపాం. కాకా మట్టం చూశారు. నేను స్విచ్ వేశాను. తెర మీద ఎర్ర అక్షరాలు: యంత్రం స్థానం మారింది, తయారీదారుని సంప్రదించండి. ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా అదే.

మిషన్ అమ్మిన డీలర్‌కు ఫోన్ చేస్తే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మీరు సంతకం పెట్టిన కాగితాల్లోనే ఉంది మేడమ్. ఈ మిషన్‌తో ఆయుధాల భాగాలు కూడా చేయొచ్చు కదా, అందుకని వాళ్ల ప్రభుత్వం పెట్టిన షరతు. కదిలితే లాక్ పడుతుంది. కోడ్ అక్కడినుంచే రావాలి."

పక్కనే నిలబడి కాకా అంతా విన్నారు.

"మన షెడ్లనే గీ మూలకెల్లి గా మూలకు జరుపుకుంటే గాళ్లనడగాల్నా బిడ్డా? మనం కొన్నదే గదా?"

"కొన్నదే కాకా."

"మరి తాళంచెవి గాళ్ల దగ్గరెందుకుంది?"

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఫారాలు నింపాను, ఫొటోలు పంపాను. కారింది వాననీరే అనడానికి రుజువు అడిగారు. ఆ మెయిల్ చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారాలు గడుస్తుంటే కాకా ఊరుకోలేక మూలనున్న, చేత్తో నడిపే పాత లేతు మిషన్ మీద డజను బుష్‌లు చేశారు. నా కొలత గేజీలతో ఒక్కోటీ చూశాను. తేడా లేదు. వాటిని సంచిలో వేసుకుని బస్సెక్కి హైదరాబాదు వెళ్లాను. అక్కడి నాణ్యతాధికారిణి కూడా కొలిచి, "బాగున్నాయి. కానీ మేం ఆమోదించింది ఆ మిషన్‌ని. మిషన్ మారితే పరీక్షలన్నీ మొదటినుంచి చేయాలి" అన్నారు. ఆమె తప్పేం లేదు. ఆ హెలికాప్టర్లలో గాల్లో మనుషులుంటారు. ఆ సంగతి తెలిసే నాకు మరింత ఉక్రోషం వచ్చింది.

"కొలిచిండ్రా?" నేను తిరిగి రాగానే కాకా అడిగారు.

"కొలిచిండ్రు. మంచిగున్నయన్నరు."

"మంచిగుంటే వాపసెందుకు తెచ్చినవ్?"

చెప్పాను. ఆయన బుష్‌లకు నూనె రాసి డబ్బాలో పెట్టారు.

దసరా దాటాక కోడ్ వచ్చింది. ఒక్క వరుస మెయిల్, క్షమాపణ లేదు. మిషన్ మళ్లీ నడిచింది. కానీ అప్పటికే బుష్‌ల పని వేరే రాష్ట్రానికి పోయింది. ఒక్క మిషన్ మీద బతికే వర్క్‌షాపును నమ్ముకోలేమని కంపెనీ రాసింది.

ఇప్పుడు మన దేశంలోనే చేసిన మిషన్ ఒకటి తెచ్చి, దాన్ని ఆమోదింపజేసుకునే పనిలో ఉన్నాను. వేడెక్కితే కొలత జారుతోంది. మొదటి పరీక్షలోనే తప్పాం. పెద్ద మిషన్ మీద ప్రస్తుతానికి గ్రానైటు కోసే రంపాలకు ఇరుసులు చేస్తున్నాం.

"హెలికాప్టర్ మిషన్ మీద రాళ్ల పని" అంటారు కాకా అప్పుడప్పుడు, నా వైపు చూడకుండా.