నాకంటే ముందు పెట్టిన బొట్టు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. మా అమీర్‌పేట ఇంట్లో కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే మెట్రో చప్పుడు. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సనత్‌నగర్‌లో మా ఆయన ఫ్యాక్టరీలో చేసేటప్పుడు, ఎవరో పోయిన గది అని జనం అద్దెకు దిగడానికి భయపడే గదిలో పదకొండేళ్లు కాపురం చేశాను. ఇద్దరు కొడుకులూ అక్కడే పుట్టారు. ఒక్కనాడూ ఎవరూ వచ్చి నా కాలు లాగలేదు.

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఏదైనా రాయాలంటే మా కోడలు పక్కన కూర్చుని ఒత్తులు దిద్దాలి. రాసుకునే అలవాటు లేదు కాబట్టి అన్నీ తలలోనే దాచుకుంటాను. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, ఏ కూరలో ఉప్పు తక్కువైందో అడగండి, చెబుతాను. మర్చిపోవడం నాకు తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండేళ్ల కిందట మా చిన్నోడి పెళ్లి కుదిరింది. పెద్దోడు రమేశ్ కారు తీశాడు. ముందు మా ఆయన, వెనక నేను, కోడలు లావణ్య. భువనగిరిలో మా ఆడబిడ్డను, జనగామలో మా తమ్ముడి భార్యను పిలిచి ఒక్కరోజులో తిరిగి రావాలి. కార్డు ఎంత గొప్పదైనా, ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి పిలిస్తేనే మా వైపు పిలిచినట్టు లెక్క.

ఆ రెండు ఊళ్ల మధ్య ఆలేరు ఉంది. ఆలేరులో మా అక్క ఉంది. అక్కడ ఆగేది లేదని చెప్పింది నేనే.

ఎందుకో కూడా చెబుతాను. ఇప్పటికి పదకొండేళ్లు, అంటే ఆ ప్రయాణానికి తొమ్మిదేళ్ల ముందు, రమేశ్ పెళ్లికి పిలవడానికి అక్క ఇంటికి వెళ్లాను. మా బావ పోయి అప్పటికి ఐదు నెలలు. మా తమ్ముడి భార్య కూడా ఆ రోజు అక్కడే ఉంది. ఆమెకు బొట్టు పెట్టాను. అక్క దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె మూసి, కార్డు చేతికిచ్చాను. భర్త పోయిన మనిషికి బొట్టు పెట్టకూడదని పెద్దవాళ్లు నేర్పిందే చేశాను. అక్క కార్డు తీసుకుంది. "అయితే నన్ను పిలవనట్టే గదా పుష్పా," అంది. అంతే. పెళ్లికి రాలేదు. ఆ తర్వాత తనంతట తాను బొట్టు పెట్టుకోవడం కూడా మానేసిందని విన్నాను. తను ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. తప్పు నాది కాదు, పద్ధతిది అని తొమ్మిదేళ్లు మొండికేశాను.

ఇంకో సంగతి. నా కుడి ఉంగరపు వేలి కొస చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది. ఆ తలుపు వేసింది అక్కే, చూసుకోలేదు పాపం. వేలి కొసన ఒక పక్క చీలిక ఉండిపోయింది. అందుకే నేను పెట్టే బొట్టు గుండ్రంగా రాదు, ఎలుక కొరికిన అప్పంలా ఒక పక్క సొట్ట పడుతుంది. చుట్టాలంతా "పుష్ప బొట్టు" అని నవ్వుతారు.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం పంజాగుట్టలో కొత్త కుంకుమ కొన్నాను. భరిణె అంచుదాకా నింపి, చెంచా వెనక వైపుతో చదును చేసి, మూత పెట్టి పసుపు దారంతో ముడి వేశాను. కట్టుకోవడానికి మెరూన్ చీర ఇస్త్రీ చేయించి కుర్చీ మీద పెట్టాను. మర్నాడు ఆరున్నరకు ఇంటి కింద ఇడ్లీ బండి దగ్గర చట్నీ నీళ్లలా ఉందని గొడవ పడ్డాను. ఆ బండి అన్న ఇప్పటికీ సాక్షి. ఎనిమిదికి బయల్దేరబోతుంటే మెరూన్ చీర మీద టీ ఒలికింది. దాన్ని బకెట్‌లో నానబెట్టి పచ్చ చీర కట్టుకున్నాను.

భువనగిరి చేరేసరికి పది. మా ఆడబిడ్డ తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మళ్ల ఎందుకొచ్చినవ్ పుష్పా? చీర ఎప్పుడు మార్చినవ్?"

ఆమె నుదుట తాజా బొట్టు. ఒక పక్క సొట్ట.

ఆరున్నరకు ముగ్గు వేస్తుంటే నేను మెరూన్ చీరలో నడిచి వచ్చానట. బొట్టు పెట్టి పెళ్లికి రమ్మన్నానట. లోపలికి రమ్మంటే ఇంకా తిరగాలన్నానట. నీళ్లు కూడా ముట్టలేదట. మా ఆడబిడ్డ వేళాకోళాలాడే మనిషి కాదు, నవ్వడానికే పిసినారితనం చేస్తుంది. నేను రాలేదని చెబితే, వయసు మీద పడుతోంది, మర్చిపోయి ఉంటావంది.

ఆ మాటకు ఒళ్లు మండింది. కారులో రమేశ్, లావణ్య అద్దంలోంచి ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి రమేశ్, పంజాగుట్టలో మతిమరుపు చూసే మంచి డాక్టర్ ఉన్నాడని నసిగాడు. తీసుకెళ్లు, మీ పెళ్లి విస్తట్లో దేని తర్వాత ఏది వడ్డించారో ఆయనకే అప్పజెబుతానన్నాను.

ఆలేరు దాటుతున్నప్పుడు కిటికీ వైపు చూడలేదు.

జనగామలోనూ అదే. తమ్ముడి భార్య నుదుట అదే సొట్ట బొట్టు. ఏడున్నరకు వచ్చానట, మెరూన్ చీరే. అయితే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, అదీ సంతోషంగా. ఇక్కడి నుంచి అక్క దగ్గరికే పోతున్నాను, ఈసారి బొట్టు పెట్టే వస్తాను అన్నానట. వీధి మలుపుదాకా నిలబడి చూసిందట. ఆటో లేదు, కారు లేదు, నడిచే పోయానట.

అంతా కలిసి నన్ను అక్క గడప ఎక్కించడానికి నాటకం ఆడుతున్నారేమో అనుకున్నాను. మెరూన్ చీర సంగతి ఎవరు చెప్పారని కారులో ముగ్గురినీ నిలదీశాను. ఎవరూ చెప్పలేదు. చెప్పినా సరే, నా వేలి గుర్తు ఎక్కడి నుంచి తెస్తారు?

ఆలేరులో ఆపమన్నాను. మా ఆయన వద్దన్నాడు, ఇదేదో మంచిగా లేదు, ఇంటికి పోదామన్నాడు. నేను వినలేదు. నాకు భయం లేదు, కోపం. నా రూపంతో నా చుట్టాలను పిలిచే హక్కు దానికి ఎవరిచ్చారు? వచ్చింది నేను కాదని అక్క ముఖం మీదే చెప్పేయాలి.

అక్క వాకిట్లో కూర్చుని ఉంది. నుదుట ఎర్రటి బొట్టు. ఎదురింటి ఆడవాళ్లు ఇద్దరు గోడ మీదుగా చూస్తున్నారు. ఎనిమిదిన్నరకు ఆ బొట్టు పడ్డప్పటి నుంచి, ఈ వయసులో ఇదేం వేషమని దెప్పుతూనే ఉన్నారని తర్వాత తెలిసింది. అయినా అక్క తుడుచుకోలేదు.

నా చీర చూసింది. తర్వాత నా కళ్లలోకి చూసింది.

"పొద్దుగాల నువ్వు నీళ్లు తాగలే. నా ఇంటికొచ్చి నీళ్లు తాగకుంట ఎన్నడు పోలే నువ్వు. నిజం చెప్పు పుష్పా. గీ బొట్టు పెట్టింది నువ్వేనా?"

అవునంటే అయిపోయేది. మర్చిపోయానన్నా అయిపోయేది. కానీ అక్క చేతిలో అప్పటికే కొంగు ఉంది. కాదన్న మరుక్షణం తుడిచేసుకుంటుంది. ఇక ఈ జన్మలో నా గడప తొక్కదు.

అక్క దగ్గర నాకు అబద్ధం రాదు.

"నేను గాదక్కా," అన్నాను. కొంగు పైకి లేచింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. "నేను గిప్పుడే వచ్చిన. గిప్పుడు పెడుత."

భరిణె తీశాను. ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. దారం పళ్లతో తెంపి మూత తీశాను.

చదును చేసిన కుంకుమలో మూడు గుంటలు. వేలి కొస దిగినట్టు, ప్రతిదానికీ ఒక పక్క చీలిక. అంత దూరం కారు కుదిపినా అంచులు కూలలేదు. లావణ్య నా భుజం మీదుగా చూసి, "అత్తయ్యా, ఏంటిది," అంది. రమేశ్ మళ్లీ డాక్టర్ మాట ఎత్తలేదు.

నాలుగో గుంట నేను ముంచాను. గోడ మీది నుంచి వాళ్లు చూస్తుండగా, వెనక మా ఆయన దగ్గుతుండగా, అక్క నుదుట ఉన్న బొట్టు మీదే నా వేలు ఆనించాను. సొట్ట మీద సొట్ట సరిగ్గా కూర్చుంది. అక్క కొంగు వదిలేసి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను.

పెళ్లి పంజాగుట్టలోని ఫంక్షన్ హాల్లో జరిగింది. అక్క ముందు వరసలో బొట్టుతో కూర్చుంది. మా ఆడబిడ్డ నా పక్కకు చేరి, నలుగురికీ వినపడేలా అడిగింది.

"ఆమెకు బొట్టు ఎవరు పెట్టిండ్రు?"

"నీకు పెట్టినామెనే వదినా," అన్నాను.

ఆమె చెయ్యి తన నుదుటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ పొద్దున తిరిగింది ఎవరో నాకు తెలియదు. దయ్యమంటే ఒప్పుకోను. నా మనసే ముందు నడిచి ఉంటుందని లావణ్య అంటుంది. మనసుకు నలిగిన వేలు ఉంటుందా? అక్క గుమ్మంలో ఆమె నిలబడ్డ వేళకు ఆ మెరూన్ చీర మా బాత్రూంలో నానుతోంది. ఎన్నిసార్లు నెమరేసుకున్నా లెక్క కుదరలేదు. భరిణెను అప్పటి నుంచి వాడలేదు, గూట్లోనే ఉంది. నాలుగు గుంటలూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఎవరిని పిలవడానికి వెళ్లినా, భర్త ఉన్నాడా పోయాడా అని చూడను, అందరికీ పెడతాను. తప్పన్నవాళ్లను నా దగ్గరికి పంపండి. ఆ వచ్చినామె ఎప్పుడైనా నా గడపకే వస్తే మాత్రం, నీళ్లు తాగకుండా పోనివ్వను.

ఇంతసేపు విన్నారు. మీ ఇంటి గడప పసుపు ఆరకుండా ఉండాలి. మీ వాకిట్లోకి వచ్చిన ఏ ఆడమనిషీ ఉత్త నుదుటితో వెనక్కి పోకుండా, మీరంతా చల్లగా ఉండాలి.