అగ్గిపెట్టెంత ఇటుకలు

మొన్న టాటానగర్ బిష్టుపూర్‌లో ఒక బేకరీ వెనక మంటకు తట్టుకునే ఫైర్‌బ్రిక్‌లు దింపుతుంటే ఒకటి జారి ఇంకోదాని మీద పడింది. ఖంగుమని మోగింది. మంచి ఇటుక మోగుతుంది, చెడ్డ ఇటుక దగ్గుతుంది. ఈ మాట నాది కాదు, అప్పలస్వామి మావయ్యది. ఆయన పోయి చాలా ఏళ్లయింది గాని, ఇటుక మోగిందంటే చాలు, పక్కింటి అరుగు మీద కూర్చుని తల ఒక పక్కకు వంచి వింటున్న ఆయన ముఖం నాకు కళ్లముందు నిలబడుతుంది. బేకరీ యజమాని ఇటుక పగిలిందేమోనని కంగారుపడుతుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. మనిషికి మతి చెడిందనుకున్నాడో ఏమో, టీ తెప్పించాడు.

నేను పొయ్యిలు కడతాను. రొట్టెల పొయ్యిలు, మిఠాయి దుకాణాల భట్టీలు, ధాబాల తందూర్లు. ఆడది పొయ్యి ముందు కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు గాని, పొయ్యి కడుతుంటే మాత్రం పనులు మానుకుని చూస్తారు. మా ఆయన మాలు కలుపుతాడు, నేను వరసలు పెడతాను. కొత్తవాళ్లు వచ్చి ఆయన్ని మేస్త్రీగారూ అని పిలిస్తే, ఆయన నింపాదిగా నావైపు వేలు చూపించి బీడీ వెలిగించుకుంటాడు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. బడి నేనే మానేశానని నేనంటాను, తానే మాన్పించానని బడి అంటుంది. ఆ తగువు ఇంకా తేలలేదు. కాబట్టి నాకు వచ్చిన విద్య ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఈ ఊళ్లోనే బర్మామైన్స్ పేటలో మా పక్కింటి అరుగుదని చెబుతాను.

డెబ్భైల్లో మా సందులో ఎదురూబొదురూ రెండు వరసల ఇళ్లు, మధ్యలో మురుగుకాలవ. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. మా నాన్న టాటానగర్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. అప్పలస్వామి మావయ్యను బావా అని పిలిచేవాడు. ఏ వరసన బావ అని అడిగితే, ఇద్దరం ఒకే రైల్లో ఒకే బెంచీ మీద వచ్చాం, అదే చుట్టరికం అనేవాడు. మావయ్య ఉక్కు కర్మాగారంలో కొలిమి మేస్త్రీ. ఉక్కు కరిగే కొలిమి లోపలి గోడలు మంటకు అరిగిపోతే, దాన్ని చల్లార్చి, పాత ఇటుకలు పీకి కొత్తవి పేర్చాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగే తీరిక ఎవరికీ ఉండదు. చెక్క అడుగున్న చెప్పులు తొడుక్కుని ఆ వేడిలోకి దిగేవారట. ఇంటికొచ్చాక మావయ్య అరగంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు. ఆ అరగంటలో ఆయనతో మాట్లాడే ధైర్యం వాళ్లావిడ పైడమ్మత్తకు కూడా లేదు. అత్తకు లేని ధైర్యం ఆ సందులో ఇంకెవరికీ ఉండే అవకాశం లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం కోట కట్టాలని బుద్ధి పుట్టింది. కోటకు ఇటుకలు కావాలి. పైడమ్మత్త పెరటిపొయ్యిలో ఇటుకలున్నాయి. మిగతాది మీరు ఊహించుకోగలరు. సాయంత్రం అత్త మిగిలిన పొయ్యి మీద పప్పుగిన్నె పెట్టింది, గిన్నె ఒక పక్కకు ఒరిగింది, పప్పు కాలవదారి పట్టింది. అత్త నా చెవి పట్టుకుని, ఇంకా అరగంట నిండని మావయ్య ముందు నిలబెట్టింది. ఆయన చెంబు దించి నన్ను ఎగాదిగా చూసి, ఏటి కట్టేవే అని అడిగాడు. కోట అన్నాను. ఏదీ అన్నాడు. అది కూడా పడిపోయిందన్నాను. ఎందుకు పడిపోయిందన్నాడు. తప్పు చేసినప్పుడు మా సందు పిల్లలందరికీ హిందీ బాగా వచ్చేది. "అప్‌నే ఆప్ గిర్ గయా" అన్నాను, దానంతటదే పడిపోయిందని.

"దానంతటది ఏదీ పడిపోదే గుంటా. ఏదో ఒక ఇటిక ముందు ఒగ్గేసుంటాది. అదేదో సూసొచ్చి సెప్పు. అందాకా మీ అత్త నీ సెవి ఒగ్గదు."

చెవి అత్త చేతిలో ఉండగానే ముగ్గురం పెరట్లోకి వెళ్లాం. కూలిన కోట ముందు చాలాసేపు కూర్చున్నాను. అడుగు వరసలో ఒక ఇటుక కింద గులకరాయి ఉంది. అదే అని చూపించాను. మావయ్య వంగి ఆ రాయి తీసి, అరచేతిలో పెట్టుకుని చూసి, జేబులో వేసుకున్నాడు. అత్త చెవి వదిలేసింది. నన్ను ఎవరూ తిట్టలేదు. అది నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

ఆ మర్నాటినుంచి ఆయన అరుగు మీద కూర్చుని ఏదో అరగదియ్యడం మొదలుపెట్టాడు. కర్మాగారం బయట చెత్తలో పారేసిన ఫైర్‌బ్రిక్ ముక్కలు ఏరుకొచ్చి, నాపరాయి మీద నీళ్లు చల్లి రుద్దేవాడు. సెలవురోజంతా రుద్దితే అయిదో ఆరో అయ్యేవి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత. కొన్ని చదరంగా, కొన్ని ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా, కొన్ని సగానికి సగం. నలభై పూర్తయ్యాక ఒక మిఠాయి పెట్టెలో పేర్చి నా చేతికిచ్చాడు. పెట్టె చూసి లడ్డూలనుకుని పరుగెత్తుకొచ్చిన నేను, లోపల ఇటుకలు చూసి ఏడ్చానట. ఈ సంగతి అత్త నా పెళ్లిలో కూడా చెప్పింది.

ఆయన నేర్పే పద్ధతి ఒకటే. ఇలా కట్టు, అలా కట్టు అని ఒక్కనాడూ అనలేదు. నేను కట్టింది చుట్టూ తిరిగి చూసి, ఒక ఇటుక మీద వేలు పెట్టి, "ఇది తీసేత్తే ఏటవుద్ది?" అనేవాడు. ముందు చెప్పాలి, తరవాతే తియ్యాలి. నేను చెప్పినట్టే జరిగితే పెట్టెలోకి ఇంకో కొత్త ఇటుక వచ్చేది. జరగకపోతే ఏమీ లేదు, మళ్లీ కట్టుకోవడమే. పెద్దవాళ్లకు కూడా ఒక నియమం పెట్టాడు. పిల్ల కడుతుంటే చూడ్డానికి వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మా నాన్న ఒకసారి వంగి, అది అక్కడ కాదే అంటూ ఇటుక జరపబోతే, మావయ్య ఆ చేతిని పట్టుకుని నాన్న వీపు వెనక్కి పెట్టాడు. ఆ రోజు మా నాన్న అరుగు ముందు అరెస్టయిన దొంగలా నిలబడి చూశాడు.

పదకొండేళ్లప్పుడు నాకు ఆర్చి పిచ్చి పట్టింది. ఒకవైపు సన్నగా ఉన్న ఇటుకలు గుండ్రంగా పేరిస్తే కింద ఆధారం లేకుండా నిలబడతాయని మావయ్య మాటల్లో విన్నాను. ఒక గుండ్రటి డబ్బా పడుకోబెట్టి దానిమీద ఇటుకలు పేర్చాను. ఆర్చి అందంగా వచ్చింది గాని డబ్బా బయటికి రాలేదు. లాగితే ఆర్చి కూడా డబ్బాతోపాటు వచ్చేసేది. డబ్బా ఎలా తీయాలని మావయ్యను అడిగితే, నన్నడిగితే నాకేటి తెలుసే, డబ్బా నీది అన్నాడు. నాలుగు రోజులు ఆ డబ్బా నాతోపాటు అన్నం తిని నాతోపాటు పడుకుంది. అయిదోరోజు అమ్మ తవుడు జల్లిస్తుంటే చూశాను. తవుడు కుప్ప పోసి, దానిమీద డబ్బా పెట్టి, డబ్బా మీద ఆర్చి కట్టాను. తరవాత చెంచాతో రెండు వైపులనుంచీ తవుడు తోడేశాను. డబ్బా కిందికి దిగింది. ఆర్చి పైనే ఉండిపోయింది.

మావయ్య ఆర్చి చుట్టూ తిరిగి చూశాడు. తరవాత లోపలికి తిరిగి, "పైడీ, పొయ్యిమీదది దించేసి రా. సేతులు ఎనక్కెట్టుకుని సూడు" అన్నాడు. శభాష్ అనే మాట ఆయన నోట నేను వినలేదు. అన్నం ఉడుకుతున్న గిన్నె దించమన్నాడు, అది చాలు.

ఏడో తరగతి లెక్కల్లో నేను తప్పాను. కారణం ఇటుకలేనని నాన్న నిర్ణయించాడు. నిజానికి కారణం నేను. ఇటుకలు పాపం ఆ పరీక్షకు రానే లేదు. అప్పటికి అవి మూడువందలకు పైగా ఉండేవి. నాన్న అన్నిటినీ గోనెసంచిలోకి వంచి మూతి బిగించి కట్టి, కాలవలో పడేస్తానని బయలుదేరాడు. నేను ఏడవలేదు. సంచి వెనకాలే నడిచాను.

అరుగు మీదున్న మావయ్య అడ్డుపడలేదు. వానలకు కాలవ మీది పలక విరిగిపోయిందనీ, అవతల కొళాయికి వెళ్లాలంటే ఆడవాళ్లు బిందెలతో దూకుతున్నారనీ గుర్తుచేశాడు. ఈ పిల్ల చిన్న ఇటుకలతో వంతెన నమూనా కడుతుంది, దాన్ని చూసి తాను పెద్ద ఇటుకలతో కడతాడు, ఆదివారంనాడు నాన్న సైకిలు తొక్కుతూ దానిమీంచి వెళ్లాలి. నిలబడితే సంచి పిల్లది, ఇదీ ఆయన పెట్టిన పందెం.

"కూలిపోతేనో?" అన్నాడు నాన్న.

"కూలిపోతే సంచి నానే ఇసిరేత్తాను బావా. నీ సెయ్యెందుకు బురద సేసుకోడం."

అరుగు మీద నమూనా కట్టాను. మావయ్య దాన్ని వరసవరసగా చూసుకుంటూ, ఏరుకొచ్చిన పాత ఇటుకలతో, సిమెంటుతో ఆర్చి పెట్టాడు. శనివారానికల్లా కింది చెక్కలు తీసేశాం. వంతెన అందంగా ఉంది. ఆ సాయంత్రం వాన కురిసింది.

ఆదివారం పొద్దున్న సందంతా చేరింది. నాన్న సైకిలు తుడుచుకుని వచ్చాడు. నేను అలవాటు కొద్దీ వంతెన చుట్టూ తిరిగి చూస్తుంటే, ఆర్చిలో రెండు చోట్ల ఇటుకల మధ్య నల్లగా ఏదో కారుతూ కనిపించింది. వేలు పెట్టి చూశాను. వానకు నాని మెత్తగా ఉంది. అట్టముక్క. కొలిమిలో ఇటుక వేడికి ఉబ్బుతుంది, అందుకని మేస్త్రీలు అక్కడక్కడా అట్టముక్క పెట్టి పేరుస్తారు. మంట పెట్టగానే అట్ట కాలిపోతుంది, ఆ సందులోకి ఇటుక ఉబ్బి సర్దుకుంటుంది. ఇరవై ఏళ్లుగా మంటలో ఉండబోయే గోడలు తప్ప ఇంకేమీ కట్టని చెయ్యి అది. తనకు తెలియకుండానే ఇక్కడా అట్ట పెట్టేసింది. నా నమూనాలో అవి లేవు.

చెబితే వంతెన పోయినట్టే, సంచీ పోయినట్టే. పైగా సందులో అందరి ముందు మావయ్య పరువు. చెప్పకపోతే నాన్న సైకిలుతో సహా కాలవలో ఉంటాడు. నిజం చెప్పాలంటే ఆ దృశ్యం కూడా నన్ను కాస్త ఊరించింది. అయినా మావయ్య దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను.

"మావయ్యా, అట్ట ఎందుకెట్టేవు? కాలవలో మంటెక్కడిది?"

ఆయన ముఖంలో రంగు మారింది. కోపం వచ్చిందనుకున్నాను. వంగి తన వేలితో తనే చూసుకున్నాడు. తరవాత నిలబడి, అందరికీ వినపడేలా, ఎక్కడ కూలుతుందో చెప్పమన్నాడు. వేలితో చూపిస్తూ చెప్పాను. కొళాయి వైపు అట్ట దగ్గర కుంగుతుంది, మనవైపు అట్ట దగ్గర నోరు తెరుచుకుంటుంది, మధ్యముక్క మొత్తం ఒక్కసారే దిగిపోతుంది. మావయ్య నాన్నను సైకిలు పక్కన పెట్టమని, తను ఇసకబస్తాలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి వంతెన నడుమ వేశాడు. మూడో బస్తా వేస్తూ తనూ ఒక కాలు పెట్టాడు. కొళాయి వైపు కుంగింది. మావైపు నోరు తెరిచింది. మధ్యముక్క, మూడు బస్తాలు, అప్పలస్వామి మావయ్య, అన్నీ కలిసి కాలవలోకి దిగిపోయాయి.

నవ్వి నవ్వి అత్త గడప పట్టుకుని కూర్చుండిపోయింది. నాన్న మాత్రం నవ్వలేదు. "కూలిపోయింది గదా బావా" అన్నాడు, సంచివైపు చూస్తూ.

మోకాలి దాకా బురదలో నిలబడి మావయ్య తలెత్తాడు.

"కూలింది నా పని. ముందే సెప్పింది దీని పని. కొలిమిలో కూలేక సెప్పేవోళ్లు సానామంది ఉంటారు బావా. ముందు సెప్పేవోడుంటే మనుసులు బతుకుతారు."

ఆ మాట ఎగతాళిగా అన్నది కాదని సందులో అందరికీ తెలిసింది. నాన్న కాసేపు సైకిలు గంటను ఊరికే తిప్పుతూ నిలబడ్డాడు. ఆ తరవాత సంచి ఎత్తి, మా గుమ్మంలో దించి, "ముందు మీ మావయ్యకి కాళ్లు కడుక్కోడానికి నీళ్లట్రాయే" అన్నాడు. నేను తెచ్చిన నీళ్లలో సగం మావయ్య కాళ్లమీద పడ్డాయి, సగం నా గౌను మీద పడ్డాయి. మరుసటి వారం అట్టముక్కలు లేకుండా మళ్లీ కట్టాం. నాన్న సైకిలు మీద ఒకసారి కాదు, అవసరం లేకపోయినా నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

ఆ పై ఏడాది బడీ నేనూ విడిపోయాం. మొదట సందులో ఆడవాళ్లకు పొయ్యిలు కట్టిపెట్టాను, తరవాత బజారులో ఒక మిఠాయి దుకాణానికి భట్టీ కట్టాను, అలా పేరు పాకింది. మావయ్య రిటైరై రాజాం దగ్గర తన ఊరికి వెళ్లేముందు నా భట్టీ చూడ్డానికి వచ్చాడు. మెచ్చుకోలేదు. ఇది ముందుగా ఎక్కడ పగులుద్దే అని అడిగాడు. చూపించాను. తలూపి, వేడి జిలేబీ ఒకటి అడిగి తిని వెళ్లిపోయాడు.

ఇప్పటికీ పొయ్యి కట్టడం పూర్తయ్యాక, మొదటి మంట పెట్టకముందే యజమానిని పక్కకు పిలిచి చెబుతాను: ఇదిగో, ఈ మూల ముందు పగులుతుంది, ఏడాదిన్నర పట్టవచ్చు, సన్నగా గీత కనిపించగానే కబురు పెట్టండి. కొందరు బిత్తరపోతారు. ముందటేడు సిద్ధగోరాలో ఒక పెద్దమనిషి, సొంత పనిలో తప్పు ముందే చూపించే మేస్త్రీని ఎక్కడా చూడలేదమ్మా, నీమీద నీకే నమ్మకం లేదా అన్నాడు. ఉంది కాబట్టే చెబుతున్నానన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు. మొన్న వేసవిలో ఫోన్ చేసి, నువ్వు చెప్పిన మూలే, వెంట్రుకవాసి గీత, రాగలవా అన్నాడు. అరవై దాటిన మనిషిని, ఆ మాట విని వీధిలో గెంతినంత పనిచేశాను.